జీడి నూనె రాసిన అరుగు

ఇది చాలా పెద్ద కథ. సముద్రం ఉంది, నిప్పుంది, నెత్తురుంది, ఒక పేట పేటంతా ఒకే మనిషి మీద పడిన మధ్యాహ్నం ఉంది. తరతరాలు చెప్పుకోవలసిన ఇతిహాసం అనే ఊపులో మొదలుపెట్టాను. రెండు పేజీలు అయ్యేసరికి నాకే నవ్వొచ్చింది. ఎందుకంటే ఇందులో నిజంగా ఉన్నది ఒక అరుగు, ఒక డబ్బా నూనె, నేను వేసిన ఒక జోకు. ఇతిహాసానికి సరిపడా సరుకు లేదు. ఒక మనిషిని నాశనం చెయ్యడానికి మాత్రం సరిపోయింది.

ఇలాంటివి రాసేవాళ్ళు ముందుగా ఏళ్ళ తరబడి మోస్తున్న బరువు గురించి చెప్పాలి కాబట్టి చెప్తున్నాను. నా బరువు ఒక పన్ను. దవడ పన్ను. తూచితే గ్రాము ఉంటుందో లేదో. జలుబు మాత్రల ఖాళీ డబ్బాలో దూది చుట్టి పెట్టాను. విమానాశ్రయంలో సామాను తనిఖీ చేసేవాడికి అది కనబడలేదు. కనబడి ఉంటే ఏం చెప్పేవాణ్ణి? చిన్నప్పుడు పన్ను ఊడితే ఇంటిమీదికి విసరమనేది మా అప్ప, అంటే అక్క, మళ్ళీ మంచి పన్ను వస్తుందని. నేనుండేది పోలండులో, నాలుగో అంతస్తులో, ఆరుగురం ఉండే గది. పైకప్పు ఎవరిదో నాకు తెలియదు. పైగా ఆ పన్ను నాది కాదు.

నా పేరు చెప్పను. జాలరి పేట అది, దాని పేరు కూడా చెప్పను. అక్కుపల్లి దాటి ఇసక బాట పట్టి వెళ్తే వస్తుంది, అంతవరకు చాలు.

మాది కంచిలి వైపు. కొబ్బరి, జీడిమామిడి. అప్పట్లో నేను పలాసలో ఒక జీడి కర్మాగారంలో మెకానిక్కుని. బాయిలరు చెడితే నేను, మోటారు కాలితే నేను, ఓనరు బుర్ర వేడెక్కితే జోకు వెయ్యడానికీ నేనే. ఎక్కడ గొడవ జరిగినా ఒక్క మాటతో దాని గాలి తీసెయ్యడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. చావు ఇళ్ళల్లో కూడా నన్ను చూసి మొహాలు తిప్పుకునేవారు, ఎక్కడ నవ్విస్తానో అని. అది తెలివనుకునేవాణ్ణి. అందరూ అలాగే అనుకున్నారు.

పోలండులో కోళ్ళ కర్మాగారంలో పని ఖాయమైంది. ఊరంతా అడిగిన ప్రశ్న ఒకటే. దేశం వదిలి పోయేవాడివి, ఇప్పుడు ఇల్లు కొనడమేటి? మా ఉద్దానంలో బయట దేశం పోయేవాడు తోట కొంటాడు. నాకు తోటంటే మంట. తుపానుకి మా కొబ్బరి చెట్లు కూలినప్పుడు నెలరోజులు గొడ్డలి పట్టుకుని మొద్దులు నరికాను. ఆ చప్పుడు నా భుజాల్లోంచి ఇప్పటికీ పోలేదు. చెట్టు అంటే చాకిరీ. నీళ్ళు పెట్టాలి, ఎరువెయ్యాలి, కాపు దించడానికి మనిషిని బతిమాలాలి, ఆఖరికి ఒక్క రాత్రిలో గాలొచ్చి మెడలు విరిచేస్తుంది. నాకు కావలసింది చెట్టు లేని ఇల్లు. సముద్రం ఒడ్డున, తాళం వేసి పోతే మళ్ళీ వచ్చేదాకా అడగనిది. ఫోనులో వీడియోలు చూసి చూసి ఒక మాట పట్టుకున్నాను: లో మెయింటెనెన్స్. ఆ మాట పట్టుకుని మా బావని (అప్ప మొగుడు) ఎంత విసిగించానంటే, ఆయన మా అప్పకి కూడా ఆ పేరు పెట్టి తన్నులు తినబోయాడు.

ఇల్లు దొరికింది. రొయ్యల చెరువులు వేసి మునిగిపోయిన ఒకాయన కట్టుకుని, ఉండలేక అమ్మేశాడు. రెండు గదులు, స్లాబు, ఎదురుగా సముద్రం. ఇంటి ముందు ఈ చివర నుంచి ఆ చివరదాకా పొడవాటి అరుగు. అరుగుకి కమ్మీలు పెడితే ఉప్పుగాలి నమిలేస్తుందని సరుగుడు కర్రలతో చుట్టూ కంచెలాగా కట్టించాడు. చెట్టు ఒక్కటి లేదు. నేను ఆ అరుగు మీద నిలబడి, కాలు మీద కాలేసుకుని రిటైరైపోయిన నన్ను ఊహించుకున్నాను. అప్పటికి నాకు ఇరవై ఏడు.

ఇల్లు కొన్నాక తెలిసింది, అరుగు నాది కాదని.

ఇల్లు కట్టకముందు ఆ జాగాలో పేటవాళ్ళు వలలు ఎండబెట్టుకునేవారు. కట్టిన తర్వాత కూడా ఎండబెట్టుకున్నారు. మధ్యలో ఇల్లొచ్చిందని వాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు. పైగా సరుగుడు కర్రలు వలలు వెయ్యడానికి తీరుగా ఉన్నాయి. పొద్దున్న లేస్తే అరుగు నిండా మనుషులు. పేక, బీడీలు, చేపలు. ఒకరోజు నేను వెళ్ళేసరికి టేకు చేపని, తలుపంత ఉంది, అరుగు మీదే నరుకుతున్నారు. ప్రతి వేటుకీ నా కొత్త గచ్చు మీద కత్తి దిగుతోంది. ఇంకోరోజు పేక దగ్గర మాటా మాటా పెరిగి, ఒకడు ఇంకొకడి తల పట్టుకుని నా గోడకేసి కొట్టాడు. కొట్టినవాడూ దెబ్బ తిన్నవాడూ అరగంటలో ఒకే బీడీ పంచుకున్నారు. గోడ మీద నెత్తురు చారిక మిగిలింది. వాళ్ళు వెళ్ళాక నేను బ్రష్షు పెట్టి రుద్దాను. అది సున్నంలోకి ఇంకిపోయింది. ఆ రుద్దడంలోనే నా లోపల ఏదో మొదలైంది. ఆ మనుషుల మీద జాలి రాలేదు. నా గోడ మీద జాలొచ్చింది.

వాళ్ళ పెద్ద ఎర్రయ్య. ఒడ్డు మీద రెండు జట్లుగా నిలబడి తాడు పట్టి పెద్దవల లాగుతారే, ఆ లాగుడు జట్టుకి నాయకుడు. వీపు చూస్తే తలుపు మూసినట్టుంటుంది. మర్యాదగానే అడిగాను. నవ్వాడు.

"ఇల్లు నీదే బావా. ఎవులు కాదన్నారు? అరుగు మాది."

జోకు బాగుంది. నేను వెయ్యవలసిన జోకు వాడు వేశాడు. అదే నాకు ఎక్కువ కాలింది.

గురవయ్య మావ గురించి ఇక్కడ చెప్పాలి. చెప్పకుండా ఎంతసేపు తప్పించుకుంటాను?

పేట చివర ఒంటి గుడిసె ఆయనది. వయసు మీద పడి వేటకి వెళ్ళడం మానేశాడు, వలలు బాగుచేసేవాడు. వల కళ్ళు లెక్కపెట్టుకుంటూ పెదాల్లో గొణుక్కునేవాడు. సముద్రంలో ఏదైనా కుట్టి ఒళ్ళు వాచితే ఏదో ఆకు నూరి పట్టేవాడు. పగలు అందరూ ఆయన దగ్గరికే వచ్చేవారు. పొద్దు వాలితే ఆ గుడిసె పక్క నుంచి నడిచేవారు కాదు. ఇంటి తాళం చూసుకోమని నేను పెట్టుకున్న మనిషి ఆయనే. నన్ను అల్లుడా అని పిలిచేవాడు. ఆయనకి కూతుళ్ళు లేరు, అది వేరే సంగతి. ఆయన పళ్ళు మాత్రం చూడాలి. పీత డెక్క పళ్ళతో పగలగొట్టేవాడు. సోడా మూత పళ్ళతో తీసి, మూత నా మీదికి ఉమ్మి, నవ్వేవాడు. ఆ వయసులో ఒక్క పన్ను కదల్లేదు. "అల్లుడా, ఈ ఒంట్లో మెంటినెన్సు నేని సామాను ఇదొక్కటే" అన్నాడొకసారి, పళ్ళు చూపించి. నేను వేసిన జోకులన్నీ కలిపినా ఆ ఒక్కదానికి సాటి రావు.

ఇప్పుడు నూనె.

జీడిపిక్క తొక్కలోంచి నల్లటి నూనె వస్తుంది. చెయ్యి తగిలితే చర్మం ఉడికిపోతుంది. పిక్క కొట్టే ఆడవాళ్ళ వేళ్ళు చూస్తే తెలుస్తుంది. నాకు మోచేతి కింద మచ్చ ఉంది, పంపు లీకైన రోజు పడింది. మొదట ఏమీ ఉండదు. మర్నాటికి ఎరుపు, ఆ తర్వాత పొక్కులు, అవి చితికి రసి, రసి కారినచోటల్లా మళ్ళీ పొక్కులు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే తెచ్చాను.

కర్రకి జీడి నూనె రాస్తే చెద పట్టదు. మా నాన్న మా పాత ఇంటి వాసాలకి రాయించాడు. దేశం వదిలి పోతున్నాను కాబట్టి కర్రలకి చెద మందు రాస్తున్నాను, ఇందులో తప్పేముంది? ఇలా నాకు నేను చెప్పుకుంటూ, వాసన తెలియకుండా నల్ల రంగు కలిపి, సాయంత్రం అందరూ ఇళ్ళకి పోయాక కర్ర కర్రకీ పట్టించాను. చెదకోసమైతే కింది భాగానికి ఎక్కువ రాయాలి. నేను పైన ఎక్కువ రాశాను, చేతులు ఆనేచోట, వల వేసేచోట. రాస్తూ ఎర్రయ్య అరచేతులు తలచుకున్నాను. పొక్కాలి అనుకున్నాను. పొక్కి, చితికి, బీడీ కూడా పట్టుకోలేకపోవాలి అనుకున్నాను. అంత కోపం ఒక అరుగు కోసమా? ఈ ప్రశ్న నాకు నేనే చాలాసార్లు వేసుకున్నాను. అరుగు కోసం కాదు, వాళ్ళు నవ్వినందుకు అని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. ఇప్పుడనిపిస్తుంది, దేనికోసమూ కాదు, చేతిలో డబ్బా ఉంది కాబట్టి అని.

వస్తూ వస్తూ గురవయ్య మావ గుడిసె దగ్గర బండి ఆపాను.

"మావా, కర్రలకి రంగేయించాను. రెండ్రోజులు సెయ్యెయ్యకు."

"మరి ఆలకి సెప్పినావా?"

"నాను సెప్తాన్లే."

చెప్పలేదు. ఒక్క మనిషికి మంచి చేశాననుకుని ఇంటికెళ్ళి నిద్రపోయాను. ఆ మంచే ఆయన కొంప ముంచింది.

పొద్దున్నే వాళ్ళు ఎప్పటిలాగే వల తెచ్చి కర్రల మీద వేశారు, తాడు చుట్టలు చుట్టి తగిలించారు. ఆ తాడు పట్టుకుని వల లాగారు. తాడు నడుముకి బిగించి లాగుతారు, భుజాన వేసుకుంటారు, అదే చేత్తో మొహం మీద చెమట తుడుచుకుంటారు. ఎర్రయ్య ఒక్కడి చేతులు తలచుకున్నాను నేను. ఆ తాడుకి ఎన్ని చేతులున్నాయో ఆలోచించలేదు.

మూడో రోజు నేను వెళ్ళింది గేటుకి కొత్త గొళ్ళెం బిగించడానికి. వారంలో ప్రయాణం. సంచిలో పనిముట్లున్నాయి. దూరం నుంచే అరుపులు వినబడ్డాయి. పేట మొత్తం నా అరుగు చుట్టూ ఉంది.

అరచేతులు ఉడకబెట్టిన రొయ్యల్లా ఉన్నాయి. ఒకడికి కళ్ళు మూసుకుపోయి మొహం గుమ్మడికాయంత అయింది. ఇంకొకడి నడుము చుట్టూ, తాడు బిగించినచోట, చర్మం ఊడి వేలాడుతోంది. చేపలు ఒడ్డుకి తగులుతున్న రోజులవి. ఏడాదంతా ఎదురుచూసే రోజులు. తాడు పట్టగలిగిన చెయ్యి పేటలో ఒక్కటి లేదు. నొప్పి, ఆకలి, భయం, ఈ మూడూ కలిసి ఎవడో ఒకడి పేరు కోసం చూస్తున్నాయి.

ఒక ముసలామె ఎర్రయ్య చేతిని వాసన చూసింది. "ఇది జీడి పొక్కు నాగుందిరా" అంది.

అంతే, కొన్ని తలలు నా వైపు తిరిగాయి. జీడి కర్మాగారంలో పనిచేసేవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే. ఎర్రయ్య కూడా చూశాడు. వాపులోంచి ఒకే కన్ను. వాడి చేతిలో తెడ్డు ఉంది. ఆ చేత్తో పట్టుకోలేక మోచేతి మడతలో ఇరికించుకున్నాడు. అప్పుడు నా బుర్ర చేసిన పని చెప్తాను. అది ఎప్పుడూ చేసే పనే చేసింది. గాలి తియ్యడానికి ఒక జోకు వెతికింది. ఎదురుగా గురవయ్య మావ వల మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో చేతులు పెట్టుకుని.

"జీడేటి, గీడేటి," అన్నాను నవ్వుతూ. "అందరి సేతులూ పొక్కిపోతే మా గురవయ్య మావ సేతులు సూడండి, పెళ్ళికొడుకు సేతుల్నాగ ఎలా మెరిసిపోతన్నాయో. ఏటి మంత్రమేసినావు మావా?"

ఎవరూ నవ్వలేదు. నేను వేసిన జోకుకి ఎవరూ నవ్వకపోవడం అదే మొదలు.

ఆయన మాత్రం నవ్వాడు. ఆ పళ్ళన్నీ బయటపెట్టి. నవ్వుతూనే చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తల ఎత్తేసరికి చుట్టూ ఉన్నవాళ్ళు దగ్గరికి జరిగారు.

"అవున్రా," అంది ఇంకో గొంతు, "ఈడికేటి కానేదేటి?"

"వల కాడ ఎప్పుడూ గొణుగుతాడు."

"సిల్లంగి."

ఆ మాట ఎవరన్నారో తెలియదు. మా వైపు చేతబడిని చిల్లంగి అంటారు. గట్టిగా అనరు. అన్నారంటే ఇక వెనక్కి తీసుకోరు.

గురవయ్య మావ నవ్వు ఆపి నా వైపు చూశాడు. "ఓర్నాయనో, రంగేసినాడు, ముట్టుకోవొద్దని ఈడే సెప్పినాడు. అందికే ముట్టనేదు. అల్లుడా, సెప్పు మరి."

మళ్ళీ అన్ని తలలూ నా వైపు.

ఇక్కడ నాకు టైముంది. చాలా టైముంది. ఒక మనిషి అవును అనడానికి ఎంతసేపు పడుతుంది? ఎర్రయ్య మోచేతిలో తెడ్డు చూశాను. వారంలో విమానం. టిక్కెట్టు. నా మోకాలు చిప్పలు. ఏది ముందు తలచుకున్నానో చెప్పలేను. నా నోరు మాత్రం నన్ను అడగలేదు.

"నానెప్పుడన్నాను మావా?" అన్నాను.

మొదటి దెబ్బ తెడ్డుది. చెవి మీద. ఎండుకొబ్బరి పగిలిన చప్పుడు. ఆయన లేవబోయాడు, ఎవరో జుట్టు పట్టుకుని వల మీదికే లాగారు, వల కాళ్ళకి చుట్టుకుంది. తర్వాత అందరూ. పొక్కిన చేతులతో కొట్టలేరు కాబట్టి కాళ్ళతో తన్నారు, మోచేతులతో పొడిచారు, ఆడవాళ్ళు కట్టెలు తెచ్చారు. ప్రతి తన్నుకీ ఆయన నోట్లోంచి గాలి బయటికొస్తోంది, మాట రావడం లేదు. ఇసక ఎర్రబడి ముద్దలు కట్టింది. పేటంతా అరుస్తుంటే వెనక సముద్రం తన పాటికి తాను ఒడ్డుని కొడుతోంది. నేను అరుగు చివర నిలబడ్డాను. వెళ్ళిపోలేదు. ఆపలేదు. సంచి గుండెకి హత్తుకుని నిలబడ్డాను, ఆటోకి ఎదురుచూసేవాడిలాగ.

తర్వాత ఆయన్ని నా అరుగు కర్రలకే కట్టేశారు. చొక్కా చిరిగిపోయి వీపు నూనెకి ఆనింది. అప్పుడు ముసలామె చెప్పింది, చిల్లంగివాడికి పళ్ళుండకూడదని. పళ్ళు లేకపోతే మంత్రం సరిగ్గా పలకదట. పలకకపోతే పట్టదట.

ఎర్రయ్య నా వైపు తిరిగాడు.

"బావా, పట్టకారుందా?"

దేనికని అడగలేదు. ఇంకేం అడుగుతాను? సంచి తెరిచి కటింగ్ ప్లేరు ఇచ్చాను. ఇది మొన్నమొన్నటిదాకా ఎవరికీ చెప్పలేదు. నూనె సంగతి ఒకసారి తాగినప్పుడు మా గదిలోవాళ్ళకి సగం చెప్పాను, నవ్వుకున్నారు. ప్లేరు సంగతి చెప్పలేదు. దాని పిడికి పసుపు రబ్బరు ఉండేది. ఎర్రయ్య పొక్కుల చేతికి అది జారిపోతూ ఉంటే తువ్వాలు చుట్టుకుని పట్టుకున్నాడు. ఇద్దరు దవడ పట్టుకున్నారు. ఒక్క పన్ను కదలని నోరది. చాలా సేపు పట్టింది. సోడా మూతలు తీసిన పళ్ళు, అంత తేలికగా వస్తాయా? ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా జనం ఒక అడుగు వెనక్కి వేసేవారు, మళ్ళీ ముందుకి. ఆయన కళ్ళు మూసుకోలేదు. నా మీదే పెట్టాడు. మొదట్లో ఆ చూపులో చెప్పు అని ఉంది. తర్వాత అది కూడా లేదు.

ఆయన చివరిగా ఏదో అన్నాడు. నెత్తురులో మాట తెలియలేదు. నా పేరేనేమో. మంత్రమనుకుని ఇంకోసారి కొట్టారు.

సాయంత్రానికి గుడిసె తగలబెట్టారు. ఎవరో కబురంపితే పోలీసులు వచ్చారు. పెద్దలు కూర్చున్నారు. పడవ అంచు తగిలి పడ్డాడని తేల్చారు. ఆయన్ని టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. సాక్షిగా నన్నూ అడిగారు. నేను అప్పుడే వచ్చానని చెప్పాను. ఆ అబద్ధానికి మాత్రం ఒక్క క్షణం కూడా పట్టలేదు, అలవాటైపోయింది.

మర్నాడు నేను అరుగు కడిగాను. మెట్టు పగులులో పన్ను దొరికింది. జేబులో వేసుకున్నాను. ఎందుకు? పారేస్తే ఎవరైనా చూస్తారనా? ఉంచుకుంటే నేను మంచివాణ్ణనా? తెలియదు. ప్లేరు కూడా కడిగి సంచిలో పెట్టుకున్నాను. అది మంచి ప్లేరు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. కర్రకి కట్టినందువల్ల ఆయన వీపంతా పొక్కిపోయింది. అది చూస్తే ఎవరికైనా తెలియాలి, కర్రల్లోనే ఉందని. పేటకి తెలియలేదు. చిల్లంగి తిరిగి వాడికే తగిలిందన్నారు. అందరి చేతులూ మానాయి, వాడి పళ్ళు పీకాం కాబట్టి మానాయి అన్నారు. పొక్కులు మానిన ప్రతి చెయ్యీ ఆయన మీద సాక్ష్యమైంది.

ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఆయనకి గుడిసె లేదు. నేను పోలండు నుంచి మా బావకి ఫోను చేసి, సముద్రం ఒడ్డున నా ఇంట్లో వెనక గది ఇమ్మన్నాను. చిల్లంగివాడికి ఆశ్రయమిచ్చిన ధర్మాత్ముడని మా వాళ్ళు నన్ను పొగిడారు. మా అప్ప ఏడ్చింది. ఆ పొగడ్త నేను వద్దనలేదు. ఆయన ఎందుకు ఒప్పుకున్నాడో కూడా అడగలేదు. ఇంకెక్కడికి పోతాడు? ఎవరు రానిస్తారు?

ఆ రోజు నుంచి నా అరుగు మీద ఎవరూ కూర్చోలేదు. వల వెయ్యలేదు. పేక లేదు, బీడీ లేదు, చేప పొలుసు లేదు. చిల్లంగివాడున్న అరుగు పక్కకి కుక్క కూడా రాదట. నేను కోరుకున్న ఇల్లు సరిగ్గా నాకు దొరికింది. తాళం వేసి పోతే అడగనిది.

ఇక్కడ నా పని కోళ్ళని కోసే మిషన్లకి నూనె వెయ్యడం. కొంకీలకి వేలాడుతూ వస్తాయి, తలలు పోతాయి, ఈకలు పోతాయి, నెత్తురు కాలువలో పారుతుంది. కోళ్ళకి పళ్ళుండవు. ఈ ఉద్యోగంలో నాకు నచ్చింది అదొక్కటే.

ఇదంతా ఇప్పుడెందుకు? ఇన్నేళ్ళూ, పోయిన ఆదివారం దాకా, నేను ఒప్పుకోలేదు కాబట్టి. నెలకోసారి మా బావ ఆ ఇంటికెళ్ళి వీడియోలో గోడలు చూపిస్తాడు. పోయిన ఆదివారం ఆయన ఫోను గురవయ్య మావ చేతిలో పెట్టి సముద్రంలో కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఎప్పుడూ ఫోను పట్టుకోని మనిషి. చెంపలు లోపలికి పోయి, నోరు ముడుచుకున్న సంచిలాగ అయిపోయింది. ఏమిటో అనబోయాడు. నేను ఆగలేదు. నూనె, రంగు, జోకు, కాదని నేను చెప్పిన మాట, ప్లేరు, అన్నీ చెప్పేశాను. పన్ను నా దగ్గరుందని కూడా చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా నవ్వించడానికి చూడలేదు. చెప్పడం అయ్యాక ఛాతీలో ఏదో వదులైంది. దానికి నాకు సిగ్గేసింది. ఇంత చేసి, తేలికపడటం కూడా నాకేనా?

ఫోనులో గాలి, అలల చప్పుడు. ఇవన్నీ ఆయనకి ముందే తెలుసు, ప్లేరు ఎవరి సంచిలోంచి వచ్చిందో తన కళ్ళతోనే చూశాడు. నేను చెప్పింది ఆయనకి కాదు, నాకు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. పేటవాళ్ళకి చెప్పమంటే చెప్తానా? ఎర్రయ్యకి ఫోను చేస్తానా? ఆ ప్రశ్న ఆయన అడగలేదు. ఇంకా అడుగుతాడేమోనని భయంగానే ఉంది. అడగకపోయినా చెప్పవలసింది నేనే అని కూడా తెలుసు. ఇది రాస్తున్నది అందుకు ముందు చెయ్యి ఆడించుకోవడమేనేమో.

ఆయన లేచి, ఫోను అరుగు వైపు తిప్పాడు. గోటితో కర్ర మీద గీసి చూపించాడు. నల్లగా, గట్టిగా, అప్పటిలాగే ఉంది. పళ్ళు లేని నోటితో, తొందర లేకుండా, నాకు తెలిసేదాకా రెండుసార్లు చెప్పాడు.

"సెద పట్టనేదు. మల్లీ రాయక్కర్నేదు."

మామూలుగా సముద్రం గాలికి సరుగుడు కర్ర నాలుగేళ్ళు కూడా ఆగదు. జీడి నూనె రాస్తే ఆగుతుంది.